ఎడమ కంచె దగ్గర కాస్ అడిగిన మాట

బెర్నిస్ గారూ, అమ్మా మారియన్, ఎడమ కంచె పక్కన కూర్చునే నా వాళ్ళందరూ,

ఈ ఫైర్ స్టేషన్ హాలు ఇలా నిండిపోవడం నాకు కొత్త కాదు. ప్రతి అక్టోబరులోనూ చూశాను. సీజన్ అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం, మధ్యాహ్నం పూట, మనమంతా ఇక్కడే బంగాళదుంప కూరి ఉడికించిన పియరోగీలు తినేవాళ్ళం. తినడం అయ్యాక కాస్ డూడెక్ గారు కళ్ళజోడు తుడుచుకుని, ఆ స్తంభం పక్కన నిలబడి, మన కొంగల బేస్‌బాల్ జట్టు ఆ ఏడాది ఎలా ఆడిందో చదివి వినిపించేవారు. ఈ రోజు అదే ఆదివారం. పియరోగీలు వంటగదిలో ఉన్నాయి. కుర్చీలు అవే. చదివే మనిషి పది రోజుల క్రితం వెళ్ళిపోయారు. ఆయన లేరని నాకు తెలుసు, శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా ఇందాకటి నుంచి ఆ స్తంభం వైపు చూడలేకపోతున్నాను.

నా పేరు లయిల్ ట్రెడ్‌వెల్. చిన్నవాళ్ళకు నేను మైదానంలో గడ్డి చూసుకునేవాణ్ణి. పెద్దవాళ్ళకు ఇంకో రకంగా తెలుసు. ఆ సంగతికి వస్తాను. దాని కోసమే ఇక్కడ నిలబడ్డాను.

కాస్ ఎవరు? పత్రికలవాడు కాదు. ఏనాడూ బ్యాటు పట్టి ఆడినవాడు కాదు. మన రేవులో ఓడల్లోంచి ఇనుప ఖనిజం దించే క్రేన్ నడిపారు. అభిమాని, అంతే. కానీ సోమవారం పొద్దున మంగలి షాపు అద్దానికి ఆయన కాగితం అంటించేదాకా ఈ ఊళ్ళో మనం గెలిచామో ఓడామో ఎవరూ తేల్చుకునేవారు కాదు. గెలిచిన ఆటని కూడా ఆయన ఓడించగలరు. "మన పిచర్ బంతి విసిరాడు, ఎటు విసిరాడో అతనికే తెలీదు, అందుకే బ్యాటర్‌కీ తెలీలేదు, గెలిచాం" అని రాశారొకసారి. మన రెండో బేస్ ఆటగాడికి ముగ్గురు పిల్లలు. "పరిగెత్తేటప్పుడు ముగ్గుర్నీ చంకనెత్తుకుని పరిగెడుతున్నట్టుంటాడు" అన్నారు. ఆ మనిషి కోపగించుకోలేదు. కాగితం చింపి తీసుకెళ్ళి ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టుకున్నాడు.

నవ్వుతున్నారు. నవ్వండి. ఇక ముందు నవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు.

కాస్ పెట్టిన చట్టం ఒకటి ఉంది, మీ అందరికీ కంఠతా వచ్చు. మైదానం ఎడమ హద్దు గీత పక్కన కంచె నడుమెత్తు కూడా ఉండదు. బంతి అటు లేచిందంటే కూర్చున్నవాళ్ళందరి చేతులూ లేస్తాయి. ఆ బంతి ఇంటికి తీసుకెళ్ళాలని ఎవరికి ఉండదు? అందుకని ఆయన కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవారు. "ఒరే బాబూ, అవతలివాడు పట్టడానికొస్తే నీ చేతులు నీ ఇష్టం. మనవాడొస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకో. బీరు కింద పోయినా సరే, పక్కనోడి మీద పోయినా సరే, చేతులు వెనక్కి." కొత్తవాళ్ళ చేత రెండు సార్లు చేయించి చూసేవారు. ఆయన క్రేన్ నడిపే మనిషి. చేయి ఎప్పుడు ఆపాలో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలీదని ఆయనకు గట్టి నమ్మకం.

ఇక ఆ రోజు. ముప్ఫై నాలుగేళ్ళయింది. సెప్టెంబరు, లీగ్ ఆఖరి ఆట, సరస్సు మీంచి గాలి. మనం ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నాం. ఇంకొక్క అవుట్ చాలు, మన ఊరు పుట్టాక మొదటిసారి కప్పు మనది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఆర్కన్సా నుంచి వచ్చి ఎడమవైపు ఫీల్డింగ్ చేసేవాణ్ణి. ఈ ఊళ్ళో నాకెవరూ లేరు. బ్యాటర్ కొట్టిన బంతి పైకి లేచి ఎడమ కంచె వైపు వచ్చింది. పట్టుకుంటే అయిపోయినట్టే. పరిగెత్తాను. కంచె తొడలకు తగిలింది. గ్లోవ్ తొడిగిన చేయి కంచె దాటి జనంలోకి చాచాను. బంతి వచ్చింది, పడిపోయింది. గీత అవతల, జనంలో జరిగింది కాబట్టి అంపైర్ ఏమీ అనలేదు, బ్యాటర్ మళ్ళీ నిలబడ్డాడు. తరువాతి బంతిని ఆ బ్యాటరే ఎదుటి కంచె అవతలికి కొట్టి పరుగులు తీశాడు. ఆ తరువాత మనం కోలుకోలేదు. ఓడిపోయాం. ఈ రోజుకీ ఆ కప్పు మనకు రాలేదు.

సోమవారం కాస్ కాగితం వచ్చింది. "బంతి వచ్చింది. మనిషి వచ్చాడు. చేయి రాలేదు." కింద ఇంకేమీ లేదు. ఆయన రాసినవాటిలో అన్నిటికంటే చిన్న కాగితం అది.

ఆ చలికాలం ఊరు నన్ను ఎలా చూసిందో చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. మీలో కొందరు ఉన్నారు, కొందరి తండ్రులు ఉన్నారు. మంగలి నా మెడకు గుడ్డ కడుతూ "కాఫీ కప్పు నువ్వు పట్టుకోగలవా, నన్నే పట్టుకోమంటావా" అన్నాడు. నాకు గది అద్దెకిచ్చిన వాండా గారు మంచి మనిషి, ఆవిడే ఏడుస్తూ చెప్పింది. "నాయనా, నిన్ను ఇంట్లో పెట్టుకున్నానని బేకరీలో నాతో మాట్లాడటం మానేశారు. ఇంకో చోటు చూసుకో." పెట్టె సర్దుకున్నాను. బస్సు మర్నాడు. ఆ ఉదయం కాస్ వచ్చారు.

ఆయన తలుపు దగ్గరే నిలబడ్డారు. టోపీ తియ్యలేదు. కుడి చేతి తొడుగు లాగి, నడిమి వేలు చూపించారు. గోరు నల్లగా చచ్చిపోయి ఉంది. బెర్నిస్ గారూ, ఆ వేలు క్రేన్ తలుపులో నలిగిందని మీ ఆయన మీకు చెప్పారట. క్షమించండి. అది క్రేన్ తలుపు కాదు. ఆయన నాతో అన్న మాట ఇది: "ఒరే లయిల్, అది నా చెయ్యిరా. ఎప్పుడు చాచానో నాకే తెలీదు. బంతి నా వేలికి తగిలింది. నువ్వు పట్టేవాడివి, నేనే చెడగొట్టాను. చెడగొట్టి, నీ మీద రాశాను. ఈ ఆదివారం చర్చిలో లేచి చెప్పేస్తాను."

నేను ఏమన్నాను? "చెప్పకండి" అన్నాను. "చెబితే మీ ఇంటి కిటికీ అద్దం ఒక్కటి మిగలదు. నేను పరాయివాణ్ణి, పోతాను. మీరిక్కడ బతకాలి" అన్నాను. ఆయన నా భుజం పట్టుకుని ఏడ్చారు. అంత పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే నాకు సిగ్గేసింది. నన్ను వెళ్ళనివ్వలేదు. ఏప్రిల్‌లో తొలి కాగితంలో రాశారు: "లయిల్ గురించి పోయిన ఏడాది నేను రాసింది తప్పు. ఎందుకు తప్పో అడగొద్దు. రాసిందీ నేనే, తప్పంటున్నదీ నేనే." ఊరు అడగలేదు. కాస్ అన్నాక ఇంకేముంది? మంగలి నాకు కాఫీ ఇచ్చాడు. నేను ఆడటం మానేశాక మైదానంలో పని ఇప్పించిందీ కాసే. ఈ ఊళ్ళో నాకున్న ప్రతిదీ ఆయన వల్ల వచ్చింది.

ఇక మీకెవరికీ తెలియనిది. ప్రతి ఏడాదీ సీజన్ ఆఖరి ఆట అయిపోయి, జనం వెళ్ళిపోయాక, కాస్ ఎడమ కంచె దగ్గరికి వచ్చేవారు. అదే చోటు. నేను కింద గడ్డిలో ఉండేవాణ్ణి. కుడి చేయి కంచె మీంచి చాచి, వేళ్ళ వైపు చూసుకుంటూ అడిగేవారు. "లయిల్, నా చెయ్యి లేకపోతే దొరికేదేనా?"

ముప్ఫై నాలుగు సార్లు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. మొదట్లో నవ్వి తప్పించుకునేవాణ్ణి. తరువాత "వచ్చే ఏడాది చెబుతాలెండి" అనేవాణ్ణి. చివరి ఏళ్ళలో గడ్డి ఊడుస్తూ ఉండిపోయేవాణ్ణి. ఆయన కాసేపు నిలబడి, చేయి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. ఈ సెప్టెంబరులోనూ వచ్చారు. ఊపిరి ఆడటం లేదు, కూతురు మారియన్ కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. కంచె పట్టుకోవాల్సి వచ్చి కుడి చేయి చాచలేకపోయారు. అయినా అడిగారు. నేను వంగి గడ్డిలో ఏదో ఏరుతున్నట్టు నటించాను.

నిన్న మారియన్ ఈ ఏడాది కాగితం నాకు తెచ్చి ఇచ్చింది. ఆసుపత్రి మంచం మీద రాశారు. ఇదిగో. "కొంగలు ఈ ఏడాది నలభై ఎనిమిది గెలిచారు, యాభై రెండు ఓడారు. యాభై రెండూ శ్రద్ధగా ఓడారు. కొత్త పిచర్‌కి చేయి బాగుంది, వాళ్ళమ్మ ఆటకి వచ్చిన రోజు తల కూడా బాగుంటుంది." ఇలా నాలుగు పేజీలు. మిగతాది మారియన్ తరువాత చదువుతుంది. ఆఖరి పేజీ అడుగున ఒక్క వాక్యం ఉంది. "లయిల్ ఈసారి కూడా చెప్పలేదు, బహుశా నా మీద జాలి కావచ్చు."

మారియన్ నన్ను అడిగింది. "నువ్వు చెప్పాల్సింది ఏంటి లయిల్? మా నాన్న ఏం అడిగారు?" రేపు హాల్లో అందరి ముందు చెబుతానన్నాను ఆ పిల్లతో. ఒక్కదానికే చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది.

జాలి అనుకున్నారాయన. వినండి.

బంతి నా గ్లోవ్ మధ్యలో పడలేదు. గ్లోవ్ మడమలో పడింది, మణికట్టుకి దగ్గరగా ఉండే గట్టి భాగంలో. ఎందుకంటే నేను బంతిని చూడటం లేదు. కంచె తగులుతుందేమోనని ఆఖరి క్షణంలో కళ్ళు దించాను. తిరిగి ఎత్తేసరికి బంతి మడమకు కొట్టుకుని పైకి ఎగిరిపోయింది. అప్పటికి కాస్ చేయి ఇంకా నా చేతి దాకా రాలేదు. ఎగిరిన బంతి వెళ్ళి ఆయన వేలికి తగిలింది. ఇంత దగ్గరగా, ఈ మైకు ఎంత దూరంలో ఉందో అంత దూరంలో, నా కళ్ళతో చూశాను. ఆ రోజు పొద్దున ఆయన తలుపు దగ్గర ఏడుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు.

ఎందుకు చెప్పలేదు? మొదట పగతో చెప్పలేదు. ఒక్క చలికాలం ఆ భారం ఆయన మోస్తే ఏం పోయిందనుకున్నాను. తరువాత భయం. ఆయన నా మీద చూపిన మంచి అంతా ఆ తప్పు తనదని నమ్మడం వల్లనే అనుకున్నాను. చెబితే మంగలి షాపులో నా కుర్చీ పోతుంది, పని పోతుంది, అన్నిటికంటే ముందు ఆయన పోతారు. ఆ తరువాత ఆయన్ను ప్రేమించాను. నిజంగా ప్రేమించాను, సొంత అన్నకంటే ఎక్కువగా. ప్రేమించాక ఇంకా చెప్పలేకపోయాను. ఇవన్నీ సాకులే. ఒక్క మాట చాలు, నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నారు, నేను గడ్డి ఏరాను.

బెర్నిస్ గారూ, ఆయన భోజనం దగ్గర కుడి చేతి వైపు చూస్తూ చెంచా ఆపేసేవారని మీరు ఎన్నోసార్లు అన్నారు. రేవులో ఏదో గుర్తొస్తోందనుకున్నారు. అది నా పని. ఆయన కోసం ఏడ్చాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. నేను ఈ ఊరు వదిలి పోను, వినడానికి ఇక్కడే ఉంటాను.

ఈ వారం మైదానంలో చలికాలానికి ముందు గడ్డి కోయాలి. అంతా కోశాను. ఎడమ కంచె పక్కన ఒక పట్టీ వదిలేశాను. అక్కడికి వెళితే కంచె మీంచి ఆ చేయి చాచి ఉంటుందని నాకు భయం. అరవై ఏళ్ళ మనిషిని, పట్టపగలు, ఖాళీ మైదానం. మూడు రోజులు మిషను అక్కడి దాకా తోసుకెళ్ళి వెనక్కి తిరిగాను. అక్కడ ఎవరూ లేరని తెలుసు. ఎవరూ లేకపోవడమే భరించలేకపోతున్నాను. ఇక ఆ మాట అడిగేవారు లేరు.

అడగకపోయినా చెబుతాను. కాస్, దొరికేది కాదు. మీ చేయి ఇంట్లో ఉన్నా దొరికేది కాదు. మీరు ఇరవై మందికి నేర్పిన చట్టాన్ని ఆ రోజు మీరు తప్పారు, నిజమే. కానీ కప్పు పోగొట్టింది మీరు కాదు. నేను.

ఎడమ కంచె జనమా, ఇంకొక్క పని మిగిలింది. ఇన్నేళ్ళు నేను నోరు మూసుకుని ఉండటం ఆయన్ను లోపల్నించి తినేసింది. ఇప్పుడు మనం నోరు మూసుకునేది ఆయన్ను గౌరవించడానికి. బెర్నిస్ గారిని ఎవరైనా కాస్త పట్టుకోండి. టోపీలు తీయండి. రెండు నిమిషాలు, కాసిమిర్ డూడెక్ కోసం, అందరం లేచి నిలబడదాం.