నాలుగడుగుల తొట్టి

రెండు వేల పదిహేడు. ఎండాకాలం ఇంకా పోలేదు, వాన ఇంకా రాలేదు. అలాంటి ఒక సాయంత్రం గేరాయన నడుచుకుంటూ టీ కొట్టుకి వచ్చాడు.

బస్సు నడిపి రిటైరైన మనిషి. మాట మొదలుపెడితే ఫస్టు గేరులో నింపాదిగా బయల్దేరి చూస్తుండగానే టాప్ గేరులో పడతాడని వీధి వీధంతా ఆయన్ని గేరాయన అనేవాళ్ళు. పక్క సందులోకి వెళ్ళాలన్నా మోటార్ సైకిల్ ఎక్కేవాడు. అలాంటిది ఆ రోజు కాలినడకన వచ్చాడు.

"బండేది బాబాయ్?" అన్నాడు పంక్చర్ల షాపతను.

"విశ్రాంతిచ్చానురా. ఇన్నేళ్ళు నన్ను మోసి మోసి దానికీ మోకాళ్ళ నొప్పులొచ్చాయి."

బెంచీ మీదున్న వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ లోపల ఒక మాట బరువుగా కూర్చునుంది. పొద్దున భార్య చెప్పి పంపిన మాట. "ఇవ్వాళ వెళ్ళి ఆ ముగ్గురికీ మీ మేలు మర్చిపోమని ఒక్క ముక్క చెప్పి రండి. కోతలు కొయ్యకుండా. మీవల్ల కాదంటే నేనే వస్తా."

"నువ్వా? వీధి చివరిదాకా?" అని ఆయన నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు.

చలికాలంలో ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. ఎముక అతుక్కుంది, ధైర్యమే అతుక్కోలేదు. నేల మీద కాలు మోపమంటే వణికిపోయేది. "నీళ్ళలో నడిపించండి, సగం బరువు నీళ్ళే మోస్తాయి" అన్నాడు డాక్టరు. అందుకని గేరాయన అప్పు తెచ్చి, పెరట్లో పెట్టుకునే ఈత తొట్టి కొన్నాడు. గొయ్యి తవ్వే రకం కాదు. ఇనప గొట్టాల చట్రం, దానికి వేలాడే దళసరి ప్లాస్టిక్ గుడ్డ, మురికి తీసే పంపు, ఎక్కి దిగడానికి నిచ్చెన, అంతే. నేల మీద నిలబెట్టి నింపుకోవడమే.

దాన్ని నిలబెట్టింది తాపీ మేస్త్రీ, ఈ పంక్చరతను, టీ కొట్టావిడ. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

"అందరికీ టీలు పొయ్యమ్మా, నా లెక్కలో."

టీ కొట్టావిడ గరిటె పట్టుకుని అలాగే చూసింది. "సూర్యుడు ఎటు పొడిచాడన్నయ్యా ఇవ్వాళ?"

"ఒక మాట చెప్పాలని వచ్చాలే." గొంతు సవరించుకున్నాడు. "ఆ తొట్టి గురించి..."

"చెప్పు బావా" అన్నాడు మేస్త్రీ.

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ కోత ఒకటి దారికడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చునుంది. మాట దాన్ని దాటలేకపోయింది.

"తొట్టి పెట్టడమంటే మాటలు కాదు. నేను కాబట్టి అది చిన్న పనైంది."

"పడింది ఫస్టు గేరు" అన్నాడు పంక్చరతను.

"ముందు నేల చదునుగా ఉండాలి. నేను ఒక కన్ను మూసి చూశా. ఒక పక్క జానెడు ఎత్తుంది. గునపం తెచ్చానా? తేలా. పార ముట్టుకున్నానా? ముట్టుకోలా. నేల మీద పడుకుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క దొర్లు దొర్లా. అద్దం! గోలీ పెడితే ఎటు దొర్లాలో తెలీక నన్నే దారడిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చదును మా పెరట్లో ఆగలా. గోడ కింద నుంచి వీధిలోకి పాకిపోయింది. చెప్పండి, మన వీధిలో ఇప్పుడు గుంతలున్నాయా?"

"ఉన్నాయి. వాటివల్లే నా షాపు నడుస్తోంది" అన్నాడు పంక్చరతను.

మేస్త్రీ నడుం పట్టుకుని బెంచీ మీద సర్దుకున్నాడు. "ఎత్తు పక్క తవ్వి, ఇసక పోసి, ట్యూబులో నీళ్ళతో మట్టం చూసింది నేననుకున్నానే. నువ్వు దొర్లితే నా నడుమెందుకు నొప్పెట్టింది బావా?"

ఇదే సందు, చెప్పెయ్యి, అనుకున్నాడు గేరాయన. నోరు మాత్రం ఆయన మాట వినకుండా రెండో గేరు వేసింది.

"ఇక ఆ గుడ్డ. ఎండలో పరిచి మెత్తబడనిచ్చి, చట్రానికి తగిలిస్తే అడుగు నిండా ముడతలు. ముడతలుంటే కాలికి తగిలి పడిపోరూ? రెండు వేళ్ళ లోతు నీళ్ళు పెట్టి, మధ్య నుంచి అంచులకి పాదంతో తోసుకుంటూ పోవాలట. నాకంత ఓపికేదీ! కళ్ళెర్రజేసి ఒక్క చూపు చూశా. ముడతలన్నీ మూటాముల్లె సర్దుకుని పారిపోయాయి. గోడవతల నుంచి తొంగి చూస్తున్న పక్కింటి ముసలాయన మొహం మీదవి కూడా పోయాయి. ఇప్పుడు పెన్షనుకి బ్యాంకుకి వెళితే 'మీ నాన్నని పంపించు బాబూ' అంటున్నారు పాపం!"

"ఆ చూపేదో ముందే చూస్తే పోయేదిగా" అంది టీ కొట్టావిడ. "ముడతలు తోసి తోసి నా పాదాలు నానిపోయాయి."

"ఇంతకీ లోతెంత బాబాయ్?"

"పద్నాలుగడుగులు."

"డబ్బా మీద నాలుగనే ఉంది!"

"ముందున్న ఒకటి చెరిగిపోయిందిరా."

పంక్చరతను టీ మింగలేక పొలమారి దగ్గాడు.

"ఇక నింపాలా? మా కుళాయి చూస్తే దారం ధార. పైకి చూశా. మేఘమొకటి ఖాళీగా పోతోంది. ఈల వేశా. ఆగింది. 'వెనక్కి రా, వెనక్కి రా, లెఫ్టు కొట్టు, ఇంకొంచెం... హోల్డాన్!' బస్టాండులో బస్సు పెట్టినట్టు మా పెరట్లో పెట్టింది. 'దిగేవాళ్ళు దిగాలి!' అన్నా. చినుకులన్నీ తోసుకోకుండా వరసలో దిగాయి. ఒక చినుకు దగ్గర టికెట్ లేదు. ఆవిరి చేసి పైకి పంపించా."

"అంతా బాగుంది బావా, మేఘం కంటే ముందు ఇంకో తొట్టి ఉండాలే?"

"ఏ తొట్టి?"

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన కన్ను ఇది, మట్టం చూడక్కర్లేదని నువ్వొక్కడివే నింపావే, అది. ఒక పక్కకి ఒరిగి, గుడ్డ చిరిగి, నీళ్ళన్నీ వీధిన పడి ఈ టీ కొట్టు బెంచీని కల్వర్టు దాకా మోసుకుపోయాయి చూడు, ఆ తొట్టి. నీళ్ళ దగ్గర కోతలు సాగవు బావా. ఎటు పల్లముంటే అటే చెబుతాయి."

"ఆ బెంచీ మీదే కూర్చున్నారన్నయ్యా మీరు" అంది టీ కొట్టావిడ.

గేరాయన బెంచీని తట్టాడు. "పాపం ఎప్పుడూ ఇక్కడే పడుంటుంది కదాని నాలుగూళ్ళు చూపించా."

నవ్వులు మోగుతుంటే ఆయనకి ఆ రోజు కళ్ళముందు కదిలింది. ఖాళీ తొట్టి పక్కన బురదలో కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి భార్య చూస్తోంది. తను ఎవర్నీ పిలవలేదు. పిలిచే నోరు లేదు. మేస్త్రీ పారతో వచ్చాడు. పంక్చరతను మాట్లాడకుండా చిరుగుకి అతుకేశాడు. బెంచీ పోయిన టీ కొట్టావిడ తిట్టడానికి వచ్చిందేమో అనుకుంటే, కొంగు దోపుకుని తొట్టిలోకి దిగింది. నింపే వేళకి వీధిలో ప్రతి ఇంటి కుళాయి నుంచీ ఒక పైపు గోడ దాటి వచ్చింది.

ఇదంతా చెబుదామనే నోరు తెరిచాడు.

"నిండగానే మా మరదలికి ఫోన్ చేసి 'మీ అక్క కోసం నీళ్ళు పోశా' అన్నా. లైను సరిగ్గా లేక దానికి 'మీ అక్క నీళ్ళోసుకుంది' అని వినపడింది. మర్నాడే పసిబిడ్డకని ఊలు టోపీ పట్టుకుని దిగింది!"

"అరవై ఏళ్ళ వదినకా!" టీ కొట్టావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇది మాత్రం పచ్చి అబద్ధం."

"మేఘాన్ని నమ్మి ఇది నమ్మవా? సరే, పంపు సంగతి విను. గాలి పట్టి మూలుగుతోంది. గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క పీల్చుడు పీల్చా. గాలి వచ్చేసింది, పంపు తిరిగింది. ఎలా తిరిగింది? నీళ్ళు సుడి తిరిగాయి, నీళ్ళతో తొట్టి, తొట్టితో మా ఇల్లు! వీధి గుమ్మం పెరటి వైపుకి పోయింది. ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ గుమ్మం వెనకాల పరిగెత్తి పరిగెత్తి కళ్ళు తిరిగి పడ్డాడు. నేను నిచ్చెనెక్కి, తొట్టి అంచుని స్టీరింగులా పట్టి, నలభై అడుగుల నీళ్ళని ఒక్క కట్ కొట్టి..."

"ఇందాక పద్నాలుగన్నావ్!"

"నీళ్ళు తాగి ఎదిగింది."

"అదంతా సరే గానీ అన్నయ్యా," టీ కొట్టావిడ పొయ్యి తగ్గించింది, "వదిన దిగిందా నీళ్ళల్లోకి?"

అది ఎవరూ చూడలేదు. మూడు వారాల కిందట, తొట్టి నిండిన సాయంత్రం క్లోరిన్ కలిపి, పంపు ఆడించి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. తను దిగేటప్పుడు ఎవరూ ఉండొద్దంది ఆవిడ.

గేరాయన నీళ్ళు నమిలాడు.

"దిగింది."

ముగ్గురూ మిగతాదాని కోసం కాచుకున్నారు. తిమింగలమో, సునామీనో ఏదో ఒకటి వస్తుందని.

"దిగి?"

"నాలుగడుగులు."

"లోతు సంగతి అడగట్లేదు బావా."

"లోతు కాదు. మొదటి రోజు నడిచింది. నాలుగడుగులు. నిచ్చెన దగ్గర్నుంచి నా దాకా."

"నలభై అనొచ్చుగా బాబాయ్, ఎవరొద్దన్నారు?"

"నాలుగే." గ్లాసులోకి చూశాడు. "చాలు."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు వినపడింది, వీధిలోంచి కర్ర చప్పుడు. ఒక చప్పుడు, ఒక ఆగడం, మళ్ళీ ఒక చప్పుడు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా!"

టీ కొట్టావిడ స్టూలు పట్టుకుని ఎదురు పరిగెత్తింది. "పట్టుకోకమ్మా, వస్తున్నా" అంది గేరాయన భార్య. చెమటతో మొహం మెరుస్తోంది. వచ్చింది. బెంచీ దాకా వచ్చి, కర్ర ఆన్చి, మొగుడి వైపు చూసింది.

"చెప్పారా?"

"చెబుతున్నా. పంపు దాకా వచ్చా."

"ఇల్లు గిరగిరా తిప్పాడు చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రీ.

"మా ఇంట్లో కుళాయి ఎటు తిప్పితే ఆగుతుందో ఈయనకి ఇప్పటికీ తెలీదన్నయ్యా." స్టూలు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. "ఆ ఊలు టోపీ మాత్రం నిజం. బీరువాలో ఉంది."

టీ కొట్టంతా ఘొల్లుమంది. ఆ నవ్వు అణిగేదాకా ఆగి గేరాయన లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. చేతుల్ని ఏం చెయ్యాలో తెలీక వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు ముగ్గురూ లేకపోతే ఆ తొట్టి నిలబడేది కాదు. తొట్టి నిలబడకపోతే ఇదీ నిలబడేది కాదు. నావల్ల అయిందేమీ లేదు. మీ మేలు మర్చిపోను."

అంతే. గేరు లేదు, హారను లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఎవరూ చూసుకోలేదు.

చివరికి మేస్త్రీ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మేఘాన్ని రివర్సు చేశానంటే నమ్మాను బావా. నావల్ల ఏమీ కాలేదన్నావ్ చూడు, ఇంత పెద్ద కోత నీ జన్మలో కొయ్యలేదు."

పంక్చరతను మాత్రం రోజూ బండి ఆగే చోటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

టీ తాగాక మొగుడూ పెళ్ళాలు ఇంటికి బయల్దేరారు. ఆవిడ కర్ర ఎలా పడితే ఆయన అలా అడుగేస్తూ, మెల్లగా, నడుచుకుంటూ.

ఆ తొట్టికైన ఖర్చు ఆయన మోటార్ సైకిల్.