సోయి లేని కాలు

"అమ్మమ్మా, తాతకు కాలుకు సూదులు ఇప్పిచ్చిన్రట గదా, గప్పుడేమైంది?"

ఏం చెప్పాలె బిడ్డా. మీ తాత తాళ్లు గీసి కల్లు దించేటోడు, నీకెరుకనే. రజాకార్ల గడబిడ సల్లవడ్డ నాలుగైదేండ్లకు అనుకుంట... కాదు కాదు, అప్పటికి మీ అమ్మ నడుస్తున్నది, అంటే ఇంకా తర్వాతనే. కుడికాలు వేళ్ల సందున నొప్పి లేసింది. ఉట్టి నొప్పి కాదు, నరం గుంజేది. నిప్పుల మీద అడుగేసినట్టు ఉండేదట. దినాం మూడు పూటలు చెట్టెక్కి దిగే కాలు గదా, గుజి ఒత్తి ఒత్తి నరం చెడ్డది. గుజి అంటే ఎక్కేటప్పుడు రెండు పాదాలకు ఏసుకునే పట్టె. పసరు కట్టినం, కాపడం పెట్టినం, ఏం గాలే.

హుజూరాబాద్‌ల ఒక డాక్టర్ సాబు ఉండె. సాయిబే గాని తెలుగు మనలెక్కనే మాట్లాడేటోడు, మంచోడు. బండి కట్టుకొని పోతిమి. గప్పుడు బస్సు ఎక్కడిది, ఉన్నా పొద్దుకొకటి. వేళ్ల సందుల నరం కాడ సూది పొడిసిండు, ఇంత పొడుగు సూది. మీ తాత నా చెయ్యి గట్టిగ పట్టుకుంటే నా గాజులు రెండు పలిగినయ్. వారానికొకటి, మూడు సూదులు. మూడోదానికి మంట మొత్తం పోయింది. నవ్వుకుంట నడిసిండు.

"దర్దు పోయింది గాని కాలుకు సోయి లేదు గౌడ్, గిచ్చినా తెల్వదు. సోయి వచ్చేదాక చెట్టెక్కద్దు, పదిహేను రోజులు" అన్నడు సాబు. నా దిక్కు చూసి సుత చెప్పిండు, "అమ్మా, ఎక్కనియ్యకు" అని.

నాలుగు దినాలు మా మరిది గీసిండు. ఐదోనాడు మరిదికి సలిజరం. గీయకుంటే గెల ఎండుతది బిడ్డా, మల్ల ఆ ఏడు కల్లు రాదు. మా తిండి దానిమీదనే గదా. మీ తాత అరుగు మీద కూసున్నడు, ఎక్కుత అనలే. నేనే... నేనే అన్న. "నొప్పి లేదంటివి గదయ్యా, ఆ రెండు చెట్లన్న మెల్లగ ఎక్కరాదు?"

లేసిండు. మోకు భుజానేసుకున్నడు.

మొదటి చెట్టు గీసి దిగిండు. రెండోది సగం దాక ఎక్కిండు. నేను కింద కల్లు లొట్టి పట్టుకొని నిలవడ్డ. గుజిలకెల్లి కాలు జారింది బిడ్డా, నాకు కనవడ్డది, ఆయనకు ఎరుకలేదు. ఏందో గట్టిగ ఒర్రిన. అంతల్నే పడ్డడు.

నడుం పోయింది. తొమ్మిదేండ్లు మంచంలనే, పోయేదాక. ఊరోళ్లు వచ్చి అడిగేటోళ్లు, డాక్టర్ వద్దన్నడట గదా, ఎట్లెక్కినవని. "మా ఆమె వద్దనే అన్నది, కాళ్లు మొక్కినంత పని చేసింది, నేనే ఇనలే" అనేటోడు. నా ముంగటనే అనేటోడు. అన్నం కలిపి తినిపిచ్చుకుంట నేను తల వంచుకునేదాన్ని. కాదని ఒక్కనాడు సుత అనలేకపోయిన. పోనీ మేమిద్దరమే ఉన్నప్పుడన్న తిట్టిండా అంటే, తిట్టలే. తిడితే బాగుండు.

మీ అమ్మకు సుత గట్లనే ఎరుక, నేను వద్దన్ననని. చెప్దామనుకున్న, మస్తుసార్లు అనుకున్న... నువ్వు చెప్తవా? వద్దు, చెప్పకు. లేదు లేదు, చెప్పు. ఏమో బిడ్డా... నువ్వైతే సల్లగుండు...