పులికి భయపడని మనిషి

మెట్రో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు పోతోంది. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, ఆపైన పులుల అడవి చూసి వస్తున్న ఆ భార్యాభర్తల్లో ఆయనొక్కడికే గుబులుగా ఉంది.

"ఇగో, పులికి ఎదురుంగ కూసున్న, జర సుత భయపడలేదని గల్లీల అందరికి ఫోన్ చేసి చెప్పిన. నువ్వు నోరు జారకు."

"ఎందుకు జారుత? పులి ఒచ్చింది గద."

"ఎప్పుడు?"

"జీపుల నువ్వు పండుకున్నప్పుడు. గింత దూరంల నిలబడి నిన్నే చూసింది."

"మరి లేపొద్దా!"

"అడవిల కిక్కురుమనొద్దని హోటల్ కాడ్నుంచి నా పానం తీస్తివి గద."

"అందుకేనా, నేను లేచి 'పులి లేదు గిలి లేదు, పైసలు దండుగ' అంటే జీపంత నవ్విన్రు?"

"గైడైతే కండ్లు తుడుచుకున్నడు."

ఆయన ఆమె చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"ఫోటో అన్న తీసినవా?"

"తీసిన. ఎన్కాల పులి, ముంగట నోరు తెరుసుకొని నువ్వు."

"జర డిలీట్ చెయ్యవే."

"పొద్దుగాలనే గల్లీ గ్రూపుల పెట్టిన."

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"ఏం తియ్యలే. నువ్వు చెప్పిందే నిజమైంది. ఆ ఫోటోల నువ్వు జర సుత భయపడ్డట్టు లేవు."