తన్నుల వైద్యం

మహారాష్ట్రలోని బీడ్ నుంచి చెరకు నరకడానికి వచ్చిన కూలీల గుడిసెలు. పొద్దు వాలుతోంది. ఒక గుడిసెలో భానుదాస్ బోర్లా పడున్నాడు, పక్కన పెళ్ళాం గోద నిలబడి ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుం వదులుతుందని వాళ్ళ నమ్మకం. గోద ఎదురుకాళ్ళతో పుట్టింది. తన్నమని పెళ్ళాన్ని సతాయించే మొగుడు ఇంకే ఊళ్ళో దొరుకుతాడు!

"ఇదేం తన్నే? దోమ వాలినట్టుంది."

"గట్టిగానే తన్నానండీ."

"తిన్న జొన్నరొట్టెలన్నీ ఏమయ్యాయే? మా అమ్మ నీ కాళ్ళు చూసి చేసుకోమంది గానీ, నీ మొహం చూసి కాదు. మళ్ళీ తన్ను."

"ఇదిగో."

"ఎక్కడ తన్నావ్?"

"నడుం కింద. తెలియలేదా?"

"తెలిసింది... ఏదో తగిలినట్టు తెలిసింది. నిన్న తంతే ప్రాణం పోయినట్టుండేది. ఇవ్వాళ నొప్పే లేదు. చూశావా, నయమవుతోంది."

"నయమవుతున్నట్టే ఉంది."

"ఉన్నట్టేంటి, అయింది. ఎల్లుండికి నేను మోపులెత్తకపోతే మేస్త్రీ మనల్ని మాన్పించి వేరే జంటని పెట్టుకుంటాడు. కానివ్వు, కానివ్వు."

"కుడికాలు కదపండోసారి."

"కదిపాగా."

"కదల్లేదు."

"తిమ్మిరే. పడుకునే ఉంటే ఎవడి కాలైనా తిమ్మిరెక్కదూ? పెద్ద డాక్టరమ్మ బయల్దేరింది!"

"తొడల మధ్య? కూచునే చోట?"

"సిగ్గులేదే అడగడానికి? అక్కడా తిమ్మిరే."

"పొద్దుటినుంచి ఒంటికి కూడా పోలేదు మీరు."

"రావట్లేదు. నీళ్ళు తాగితేగా వచ్చేది. ఎన్ని ప్రశ్నలే! ఆ నర్సమ్మ పొద్దున నీ చెవిలో ఏం ఊదిపోయింది?"

"ఏముంది. నడుం నొప్పి చాలామందికి దానంతటదే తగ్గుతుందంది. మంచం పట్టి ఉండకుండా కాస్త అటూ ఇటూ తిరిగితే మంచిదంది."

"దానికీ తెలుసన్నమాట! నడుం నొప్పికి ఆస్పత్రేంటే? నీకు రాలేదా? ఏ ఆస్పత్రికి పోయావ్ నువ్వు?"

"ఎక్కడికీ పోలేదు."

"మరి! తన్ను."

"అక్కా! గోదక్కా!"

"ఎవరే అది?"

"పక్క గుడిసె సోజర్. ఉప్పుకొచ్చి ఉంటుంది. కదలకండి, ఇప్పుడే వస్తా."

బయట, తడక అవతల.

"అక్కా, నర్సమ్మ పంపిన అంబులెన్సు కాలవగట్టు మీద ఆగింది. ఇక్కడిదాకా దారి లేదంటున్నాడు డ్రైవరు. మగాళ్ళు తోటలోనే ఉన్నారు, కేకేయనా? మంచంతోపాటు మోసేద్దాం."

"నెమ్మదిగా మాట్లాడు. అక్కర్లేదులే సోజరా."

"అక్కర్లేదా? పొద్దున నా ముందేగా చెప్పింది! ఒంటికి ఆగిపోయినా, కూచునేచోట మొద్దుబారినా ఇవ్వాళే ఆపరేషన్ అయిపోవాలని, ఆలస్యమైతే కాళ్ళు మళ్ళీ రావని. తన్నులు మానెయ్యమని కూడా చెప్పింది కదక్కా!"

"ఒంటికి పోయాడు. ఇందాకే."

"లేచి నడిచాడా?"

"నడిచాడు."

"గోదా! ఎంతసేపే! ఈ కాలు... ఈ కాలు పైకి రావట్లేదే!"

"అక్కా."

"ఊఁ."

"నడిచాడన్నావ్."

"బండిని ఊరికే నిలబెట్టకూడదు సోజరా. ఇంకెవరికో అవసరం పడుతుంది. పంపించెయ్."

"అక్కా, నువ్వు... సరే. నువ్వు చెప్పిందే చెప్తా. నేనేం వినలేదు."

"వెళ్ళు."

మళ్ళీ లోపల.

"ఉప్పుకి ఇంతసేపా? ఏదో బండి చప్పుడైంది, ఏంటే?"

"చెరకు లారీ."

"గోదా, ఇటు చూడు. రెండో కాలు కూడా నాదిలా లేదే. గిల్లు. గిల్లవే!"

"గిల్లుతూనే ఉన్నాను."

"ఆస్పత్రికి పోదాం."

"నడుం నొప్పికి ఆస్పత్రేంటండీ?"

"నోర్ముయ్! మేస్త్రీ ట్రాక్టరు అడుగు. సోజర్ మొగుణ్ణి పిలువు. గోదా... నీకు దణ్ణం పెడతానే. భయమేస్తోంది."

"వెళ్దాం. తెల్లారనివ్వండి."

"తెల్లారేదాకానా? ఈలోపు ఏమన్నా అయితే?"

"పోయినేడు బిడ్డ అడ్డం తిరిగి నేను నేలమీద పొర్లుతుంటే మీరన్న మాటేగా ఇది. తెల్లారనీ, పోదాం అని. నాకు తెల్లారింది. బిడ్డకే తెల్లారలేదు."