మన ‘సచ్చే సారు’ ఎడ్విన్ థోర్లీ గారు

రెండు వేల పన్నెండు అక్టోబరు ఏడవ తేదీ ఆదివారం ఉదయం, ఖతార్ దేశపు ముషైరిబ్‌లోని మన కంపెనీ కార్యాలయంలో, భద్రతా శిక్షణ విభాగపు నటశిక్షకులుగా శ్రీ ఎడ్విన్ థోర్లీ గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఒక తోలు పెట్టె, ముప్ఫై ఏళ్ళ బ్రిటిష్ సినిమా అనుభవం, ఎండకు అప్పటికే కందిన ముక్కు, ఇవే ఆ రోజు ఆయన వెంట వచ్చిన ఆస్తిపాస్తులు. ఈ నెలాఖరున ఆయన పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో విభాగమంతా ఆనందిస్తున్నది. ఒక్క రత్నకుమార్ గారు మాత్రం ఆనందించలేకపోతున్నారు. అమలాపురం నుంచి వచ్చి, థోర్లీ గారి పక్కన నిలబడి ఆయన మాటలను ఇన్నేళ్ళూ కార్మికుల క్యాంపులలో తెలుగులో వినిపించిన ఆ సహచరునికి కొద్ది రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఆ దిగులు సంగతి చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు.

థోర్లీ గారు ఇంగ్లండు తూర్పు తీరాన గల హల్ రేవుపట్టణంలో, చేపల పడవ మీద పనిచేసేవారి ఇంట జన్మించారు. యౌవనంలో ఊరూరా తిరిగే నాటక సమాజంలో చేరి, అక్కడి నుంచి చలనచిత్ర రంగంలో ప్రవేశించారు. ఆ రంగంలో ఆయనకు దక్కిన కీర్తి విచిత్రమైనది. తొలి చిత్రంలో నీట మునిగారు. మలి చిత్రంలో తూటా తగిలి ఒరిగారు. ఆ తరువాతి దానిలో యజమానికని కాచిన తేనీటిని తామే రుచి చూసి నేలకూలారు. అంత సహజంగా ప్రాణం విడిచే నటుడు చేతికి చిక్కాక, ఆయనను బతికించే పాత్రను ఏ నిర్మాత ఇస్తాడు? కథ సగానికి వచ్చేసరికి తాను తెర మీద మిగిలి ఉన్న చిత్రం ఒక్కటీ లేదని ఆయనే నవ్వుతూ చెబుతారు.

నీట మునిగే ఆ తొలి సన్నివేశంలో, ఆయన నటిస్తున్నారో నిజంగానే మునుగుతున్నారో తెలియక తోటి నటులు హడలిపోయారట. అది మొదలు ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. శవంలా పడి ఉన్నప్పుడు, కెమెరాకు కనబడని వైపు చిటికెన వేలిని ఒకసారి కదిలిస్తారు. ‘నేను క్షేమం, నీ పని నువ్వు కానివ్వు’ అని పక్కవారికి అదొక కబురు.

భార్యావియోగం తరువాత, ఇక్కడి ఎడారిలో తీయదలచిన ఒక చిత్రం కోసం ఆయన ఖతార్ వచ్చారు. చిత్రం మధ్యలోనే ఆగింది, తక్కిన బృందం విమానమెక్కింది. తిరిగి వెళ్ళినా ఎదురు చూసే మనిషి లేని థోర్లీ గారు మన భద్రతా చిత్రానికి గొంతు ఇవ్వడానికి వచ్చి, మనవారై నిలిచిపోయారు. మధ్యాహ్నపు పనికి విరామమిచ్చే వేసవి నెలలు రాకముందే, ప్రతి క్యాంపులో వడదెబ్బ నాటిక ప్రదర్శించే ఆచారం ఆయన ప్రవేశపెట్టినదే. ఆయన ఎండలో కుప్పకూలుతారు. చూసే కార్మికులే లేచి వచ్చి కాపాడాలి. బాగా కాపాడిన జట్టుకు టోపీలు బహుమానం. ఆ రకంగా ఆయన మన జగిత్యాల, నిజామాబాద్ సోదరుల నోట ‘సచ్చే సారు’, అనగా చనిపోయే సారు, అయ్యారు.

తొలి ఏడాది ఎవరో ఉత్సాహవంతుడు నిజంగానే అంబులెన్సును పిలవడంతో విభాగం చీవాట్లు తిన్నది. నాటి నుంచి నాటిక మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ సిమెంటు బకెట్టులో వేయించి గేటు దగ్గర కాపలాదారుకు అప్పగించడం, వేదిక మీద ఒక పాడైన ఫోను ఉంచడం నియమమైంది. ఆ నియమం ఎంత పని చేసిందో గత మే నెలలో ముఐథర్ క్యాంపులో తెలిసింది.

ఆనాడు డేరా కింద ఆడుదామని రత్నకుమార్ గారు ఎంత బతిమాలినా, నీడలో వడదెబ్బ నటించడం ప్రేక్షకులను మోసగించడమని థోర్లీ గారు పట్టుబట్టారు. “నీళ్ళు తాగావా అన్నా?” అని రత్నకుమార్ గారు అడిగిన తరువాత పడిపోవలసిన మనిషి, ఆ మాటకు ముందే పడిపోయారు. పెద్దవారు కదా, వరస మరచిపోయారు కాబోలనుకుని రత్నకుమార్ గారు తమ మాట తాము చెప్పి, ఎప్పటిలా చిటికెన వేలి వైపు చూశారు. వేలు కదలలేదు. మరికాస్త ఆగి చూశారు. కదలలేదు.

“ఇది నాటకం కాదండీ! నిజంగానే పడిపోయారు” అని అరిచారు. జనం చప్పట్లు కొట్టారు. ఏటా నాటికలో ఆయన అటువంటి మాటలే చెబుతారు మరి.

“రత్నం సారు గూడ ఇయ్యాల మంచిగ చేస్తుండు” అన్నారు జగిత్యాల వాస్తవ్యులు పోశన్న గారు, తమ జట్టుతో ముందుకు ఉరుకుతూ. థోర్లీ గారిని నీడకు మోసుకుపోయారు, బూట్లు విప్పారు, తడి లుంగీ కప్పారు, కూలర్‌లోని మంచు తెచ్చి మెడకూ చంకలకూ పెట్టారు, అట్టముక్కలతో విసిరారు. అదే జట్టులోని నర్సింగ్ గారు పాడైన ఫోను చెవికి ఆనించి, “హలో, ముఐథర్ క్యాంప్. ఏక్ ఆద్మీ గిర్ గయా, జల్దీ ఆవో” అని, మనిషి పడిపోయాడు త్వరగా రమ్మని గంభీరంగా చెప్పసాగారు. టోపీలు ఈసారి తమవేనని వారి ధీమా.

రత్నకుమార్ గారు గేటు వైపు పరుగెత్తారు. కాపలాదారు ఇర్ఫాన్ గారు బకెట్టును గుండెలకు హత్తుకుని, “ఖేల్ ఖతం హోనే దో, సార్” అన్నారు, ఆట ముగిశాకే ఇస్తానంటూ. చెప్పిన మాట తప్పని మనిషి ఆయన. రత్నకుమార్ గారు అక్కడే ఏడ్చేశారు. ఆ కన్నీళ్ళు చూశాకే బకెట్టు చేతికి వచ్చింది. ఎవరి ఫోనో ఒకటి లాగి ఆయన అంబులెన్సును పిలిచారు.

అది హోరుమంటూ లోపలికి వచ్చినప్పుడు కూడా చప్పట్లే. “ఈసారి కంపెనీ ఖర్చు మస్తు పెట్టింది” అని ఎవరో అన్నారు. వచ్చినవారు థోర్లీ గారి చేతికి సూది గుచ్చి, మూతికి ప్రాణవాయువు పెట్టాక చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. నర్సింగ్ గారి చేతిలోని పాడైన ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

ఆ తొలి నిమిషాల చల్లదనమే ఆయనను నిలబెట్టిందని వైద్యులు చెప్పారు. నిజమని తెలిసి ఉంటే చేతులు వణికి ఏం చేసేవాళ్ళమో అని పోశన్న గారు నేటికీ అంటారు. శుక్రవారం నాడు ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడి, “సారూ, మాకు సమజైంది. ఇగ మీరు సావకుండ్రి. పడుడు మేం జూసుకుంటం” అన్నారు. ఏమన్నారని థోర్లీ గారు అడిగారు. ఇన్నేళ్ళుగా ఏ మాటనైనా అలవోకగా అటు నుంచి ఇటు మార్చిన రత్నకుమార్ గారు, ఆ చిన్న మాటను ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. విన్న తరువాత ఆ నటుడు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అటుపై థోర్లీ గారు ఎక్కడా పడలేదు. కుర్చీలో కూర్చుని, పడేవారికి పడడం నేర్పారు. ఇప్పుడిక హల్‌కు వెళ్ళిపోతున్నారు. అక్కడ మేడ మీద ఒక చిన్న వాటా, కింద మెట్లు, తోడు ఎవరూ లేరు. ముఐథర్‌లో అంతమంది కళ్ళ ముందు పడితేనే తెలియలేదు కదా, నాలుగు గోడల మధ్య పడితే ఎవరికి తెలుస్తుందన్నదే రత్నకుమార్ గారిని తినేస్తున్న బెంగ. ఇక్కడ ఉమ్ ఘువైలినాలోని థోర్లీ గారి వాటాలో సామాను సర్దడానికి సాయపడుతూ ఆ మాట అడిగేశారు కూడా.

“ఒంట్లో బాగోకపోతే అక్కడ ఎవరు చూస్తారండీ?”

“పక్కింటివాళ్ళు. వాసన వచ్చాక” అన్నారు థోర్లీ గారు, తమ సహజ ధోరణిలో.

రత్నకుమార్ గారు నవ్వలేదు. మడుస్తున్న చొక్కా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ ముఖం చూసి పెద్దాయన కాస్త సిగ్గుపడి, రోజూ తెల్లవారుజామున నిద్ర లేవగానే ఫోను చేస్తానని మాట ఇచ్చారు. అయితే చెప్పడానికి కబుర్లేమీ ఉండవన్నారు.

“కబుర్లు ఎందుకండీ, దగ్గినా చాలు” అన్నారు రత్నకుమార్ గారు.

మూడు దశాబ్దాలు తెర మీద మరణించి, పన్నెండేళ్ళకు పైగా మన కార్మికులకు బతకడం నేర్పిన శ్రీ థోర్లీ గారికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ దీర్ఘాయువునూ ప్రసాదించాలి. ఆ ఫోను ప్రతి ఉదయం మోగాలి. వానకూ ఎండకూ, పండుగకూ సెలవుకూ, ఏళ్ళ తరబడి మోగీ మోగీ, ‘అబ్బ, మళ్ళీ ఈయనేనా’ అని మన రత్నకుమార్ గారు దుప్పటి ముసుగు తన్ని విసుక్కునే రోజు రావాలని విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.