జల్లెడ దాచిన కరెంటు

నోంథబురి బజారులో దురియన్ పళ్లమ్మే ముసలమ్మ ఎండిన తొక్కల బస్తాను పరిశోధక విద్యార్థి ముందుకు తోసింది. అతనికి చెయ్యి ముందుకు రాలేదు.

“ఇంక వద్దు పెద్దమ్మా.”

“ఏం, నా తొక్కల బొగ్గుకి కంటికి కనబడని చిల్లులు పడలేదా? సోలారు కరెంటు వాటిల్లోనే దాక్కుంటుందన్నావుగా?”

“చిల్లులు పడ్డాయి. కానీ కరెంటు దాచింది బొగ్గు కాదు, బొగ్గు పూసిన నికెల్ జల్లెడ. బొగ్గు పూయకుండా ఒట్టి జల్లెడ ఎంత దాస్తుందో ముందే కొలిచి చూడాల్సింది. చూళ్లేదు.”

“ఎప్పుడు తెలిసింది?”

“వానలు మొదలవకముందే.”

“మరి వానల్లో పొయ్యి దగ్గర కూచుని ఆరబెట్టానే, ఆ బస్తాలు?”

అతను తల దించుకున్నాడు.

“నీకు చెప్పే మొహం లేక మోసుకెళ్లా. కాలవలో పారబోశా.”

ఆమె కొట్టు వెనక పారుతున్న కాలవకేసి చూసింది.

“పచ్చివే పారేసేదాన్ని కదరా, నాన్నా!”