వదిలేసిన ఇసుక

బొంబాయి, కామాఠిపుర, పన్నెండో గల్లీలో అద్దెగదుల చాళీ ఒకటి. 1984 ఎండాకాలం, దీపాలు పెట్టే వేళ. తలమీద ఘమేలా తట్టలతో ఇసుక మోసి కొడుకును లెక్కల్లో డాక్టరును చేసిన లచ్చమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ కొడుకు సైదులు అప్పుడే మెట్లెక్కి వచ్చాడు.

"అడుగుతున్న గద అవ్వా! కాలేజీ నుంచి ఎవ్వలన్న వచ్చిండ్రా?"

"చెప్త, కూసో. ముందుగాల నువ్వు చెప్పు. ఆరేండ్లు గీకినవు, ఏం లెక్క అది?"

"నీకెందుకే? ఇయ్యాల నౌకరీ చీటీ అందకుంటే అది జాబితల రెండో పేరోనికి పోతది!"

"ఎరికే. చెప్పు."

"ఇంటిగ్రల్ అంటరు. వంకరటింకర ఇసుక కుప్ప అనుకో. మొత్తం ఎంతుందో సరిగ్గ కట్టరాదు. అందుకే అన్నిటికన్న ఎత్తు యాడుందో చూస్తం. ఆడికాడికే లెక్క కడతం. మిగతాది వదిలేస్తం."

"వదిలేస్తె? అది గూడ మోసిందే గద."

"ఉంటది. కాని లెక్కకు రాదు. కుప్ప నడుమ ఎత్తు పెరిగిన కొద్ది, మిగతాది ఉన్నా లేనట్టే."

"లెక్క తప్పయితది, గలత్ గాదా?"

"కొంచెం గలత్. ఎవ్వడు అడగడు. అందాజు అంటే గదే."

"అర్జీల కామాఠిపురను గ్రాంట్ రోడ్ అని రాసినవు. గది గూడ అందాజేనా?"

"అందరు అట్లనే రాస్తరు! ఈ బద్నాం గల్లీ పేరు జూస్తే నౌకరీ ఎవడిస్తడు? ...ఆగు. నేను రాసింది నీకెట్ల ఎరుక?"

"పగటీలి కాలేజీ ప్యూన్ వచ్చిండు. గ్రాంట్ రోడ్ స్టేషన్ కాడ మూడు దినాలు తిరిగి, నీ పేరు అడుగుకుంట ఈడికొచ్చిండంట, పాపం."

"వచ్చిండా! చీటీ ఏది? ఏదవ్వా?"

"నీ అర్జీ జూస్కుంట అడిగిండు. తల్లి సచ్చిపోయిన సైదులు ఇల్లు ఇదేనా అని."

"అవ్వా, అది... అమ్మ ఏం పని చేస్తదని అడుగుతరే. ఘమేలా మోస్తదంటే నవ్వుతరు. ఒక్క మాట రాస్తే అయిపాయె. నీకేం తక్కువైంది? బువ్వ వెడతలేనా?"

"వెడుతున్నవు."

"మరి చీటీ ఇయ్యి!"

"ఇయ్యబోయిండు. ఇంటోళ్లు ఎవరన్న వేలిముద్ర ఎయ్యాలెనన్నడు. నువ్వు ఆ పిల్లగానికి ఏమైతవమ్మా అన్నడు."

"ఏమన్నవు?"

"ఏం గాను సాబ్ అన్న. వాపస్ తీస్కపోయిండు."